వస్తువు వివరం

ఆఖరి ట్రిప్పు. మద్దిలపాలెం డిపోలో
టికెట్ల లెక్క ముగించి వంగి చూస్తే
వెనక సీటు కింద, ఇసక రాలుస్తూ
ఒక మౌత్ ఆర్గాన్.

దొరికిన సామాన్ల రిజిస్టరులో రాశాను:
మౌత్ ఆర్గాన్, ఒకటి.
గుమస్తా అప్పలసూరి కళ్లజోడు పైనుంచి చూశాడు.
"గొడుగు ఒకటి అని రాస్తే సరిపోద్దా కండక్టరమ్మా?
నల్లదా, పూలదా, కర్ర విరిగిందా?
రేపెవడో వచ్చి నాదంటే
ఏటి చూసి ఇస్తాం?"

నిజమే. పదిహేడేళ్లుగా
చిల్లర మోతను బట్టి రూపాయో రెండో చెప్పగలను.
చూపు తిప్పుకున్న తీరుకే
టికెట్ లేనివాణ్ణి పట్టగలను.
ఇది మాత్రం నాకు
దువ్వెనకీ తాళంకప్పకీ మధ్య ఏదో.

సెలవు రోజున జ్ఞానాపురం వెళ్లాను.
చర్చి వెనక సందులో ఇన్నాసయ్య
హార్మోనియాలు బాగుచేస్తాడు.
బల్లమీద గుడ్డ పరిచి నాలుగు వరసగా పెట్టాడు,
హార్బరులో చేపల్ని పాటకి పెట్టినట్టు.

"ముందే ఊదకు. చూడు.
పది కన్నాలు, ఒకటే వరస, గుప్పిట్లో దాక్కుంటే
అది డయాటోనిక్.
పక్కన సి అనో జి అనో చెక్కి ఉంటుంది, దాని ఇంటిపేరు.
స్వరాన్ని ఒంచాలంటే దీన్నే ఒంచాలి.
ఈ చివర బొత్తాం ఉందే, ఇది క్రొమాటిక్.
నొక్కితే ప్రతి స్వరం అరమెట్టు ఎక్కుతుంది."
నొక్కాను.
ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడు
అరిస్తే ఒక మెట్టు పైకి జరిగినట్టు.

మిగిలిన రెండూ పొడుగు.
కిందా మీదా రెండు వరసల కన్నాలు,
పోర్టు క్వార్టర్ల కిటికీల్లా.
నాకు దొరికినదీ అలాంటిదే.
ఎంత తిప్పి చూసినా ఆ రెంటికీ
కన్నతల్లికైనా తేడా తెలీదనిపించింది.
"వీటిని కంటితో పట్టలేవు," అన్నాడు, "ఊపిరితోనే."

పరాయి ఎంగిలి.
గ్లాసు పెదవికి తగలకుండా
ఎత్తి తాగమన్న ఇంట్లో పెరిగినదాన్ని.
నవ్వుతూ స్పిరిట్ దూది ఇచ్చాడు.
ముందు తనవి ఊదించాడు.

ఒకటి: ఒకే మాట, రెండు గొంతులు.
పడవ మీంచి తండ్రి కేక వేస్తే
పక్కనే పిల్లాడు అదే కేక సన్నగా వేసినట్టు.
"ఆక్టేవ్. ఒక రీడు కింది స్థాయి, ఒకటి పై స్థాయి."

రెండోది నిలబడలేదు.
యారాడ కొండ అవతల రాత్రి
లంగరేసిన ఓడల దీపం నీళ్లలో ఉన్నట్టు
ఒకచోటే ఉండి కదిలింది.
"ట్రెమొలో. రెండు రీడ్లదీ ఒకటే స్వరం. కాకపోతే
ఒకటి వెంట్రుకవాసి తప్పింది.
కావాలనే తప్పిస్తారు."

అప్పుడు, దొరికినదాన్ని పెదాలకి ఆనించాను.
ఉప్పు. స్పిరిట్. దాని కింద ఎవరిదో బీడీ.
ఊదితే ఒక స్వరం, పీలిస్తే ఇంకొకటి.
పీల్చినా పలుకుతుందని
ఇన్నాసయ్య కూడా చెప్పలేదు.
రెండూ వణికాయి.

రిజిస్టరులో కొట్టేసి మళ్లీ రాశాను:
మౌత్ ఆర్గాన్. బొత్తాం లేదు. రెండు వరసలు.
కుడి చివర సొట్ట. వణుకుతుంది.
అప్పలసూరి ఆఖరి మాట దగ్గర పెన్ను ఆపి
ఏదో అనబోయి, స్టాంపు వేశాడు.

తొమ్మిదో రోజు ఇద్దరొచ్చారు.
జీన్సు కుర్రాడు ముందే అందుకున్నాడు:
"పది కన్నాలది మేడమ్, నాదే."
వెనక జాలారిపేట ఆమె,
తట్ట గుమ్మంలో దించి నిలబడింది.
కన్నాలెన్నో ఎప్పుడూ లెక్కపెట్టలేదట.
"మా మావది బాబూ. ఏటి సెప్పమంటారు...
యాట నుంచొచ్చి, తడిబట్టలతో
సలేస్తంటే మాటాడతాడు సూడండి,
అలగుంటాది దాని గొంతు."

అప్పలసూరి రిజిస్టరు నా వైపు తిప్పాడు.

"ఊదాను. ఎంగిలి చేశాను," అన్నాను ఇస్తూ.
వినపడిందో లేదో,
రొంటిని దోపుకుని, తట్టకి ఒక చెయ్యి వెయ్యమంది.
వేశాను.